చేపల బిర్యానీ: అమ్మ పద్ధతి, భార్య ఇబ్బంది, పాప భయం

తన పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకుడు పంపిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన విషయాలను మాత్రమే ఇక్కడ ఇస్తున్నాము.

ఆయన ఇంట్లో తల్లి, భార్య, ఏడేళ్ల పాప ఉన్నారు. తల్లి చేతి చేపల బిర్యానీ అంటే బంధువులందరికీ ఇష్టం. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు కాబట్టి సెలవు రోజున ఆ వంట కొడుకే చేస్తున్నారు. భార్య చేపలు తినరు. ఇంట్లో వండితే వద్దని అనరు కానీ, వంట మొదలు కాగానే పాపను తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. తల్లి చెప్పిన పద్ధతి ప్రకారం పచ్చి చేప ముక్కలకు పెరుగు, నిమ్మరసం, మసాలా పట్టించి, వాటిపై సగం ఉడికిన అన్నం పరిచి దమ్ చేస్తే, ముక్కలు విడిపోయి అన్నంలో కలిసిపోయాయి, అడుగున నీరు చేరింది, పైన అన్నం పలుకుగానే ఉండిపోయింది. పాప కోసమని అప్పుడు ముల్లు లేని మెత్తని బాసా ముక్కలు వాడారు, మసాలా ముందు రోజు రాత్రే పట్టించారు. మరోసారి బొచ్చె చేప తెస్తే పాప గొంతులో ముల్లు గుచ్చుకుంది. నాయనమ్మ అన్నం ముద్దలు మింగించగా ముల్లు పోయింది గానీ ఆనాటి నుంచి పాప చేప ముక్క ముట్టడం లేదు. ఆ తరువాత ముక్కలను నూనెలో విడిగా వేయించి అన్నంలో పెడితే ముక్క విరగలేదు. అయితే తల్లి "ఇది అన్నం పక్కన వేపుడు, బిర్యానీ కాదు" అన్నారు, భార్య రెండు రోజులు కర్టెన్లలో వాసన పోలేదని మొదటిసారిగా నోరు తెరిచి అన్నారు.

వచ్చే నెల అక్క, బావ, వారి ఇద్దరు పిల్లలు, అక్క అత్తమామలు భోజనానికి వస్తున్నారు. తమ్ముడు చేపల బిర్యానీ చేస్తాడని తల్లి ఫోనులో అక్కకు మాట ఇచ్చేశారు. ఆయన అడిగినవి ఇవి: ఏ పద్ధతి నమ్మాలి? కోడి బిర్యానీ చేసేసి ఈ తలనొప్పి వదిలించుకోవడం మేలా? అమ్మకు ఎలా చెప్పాలి? భార్య మౌనాన్ని కోపమనుకోవాలా?

మా సమాధానం:

మీ ఉత్తరాన్ని చదువుతున్నంతసేపూ ఒక విషయం కనిపిస్తూనే ఉంది. ఒకే గిన్నెలో నలుగురిని సంతోషపెట్టాలని మీరు ప్రయత్నిస్తున్నారు. పాప కోసం చేపను మార్చారు, అమ్మ కోసం పద్ధతిని నిలుపుకున్నారు, భార్య కోసం వేయించడం మానాలనుకుంటున్నారు. ఈ మూడూ విడివిడిగా మంచి ఆలోచనలే. కానీ చేప మారితే పద్ధతి మారాలి. వంట చెడిపోయింది మీ చేతకానితనం వల్ల కాదు, అమ్మ పద్ధతి తప్పు కావడం వల్లా కాదు. ఆమె ఏ చేపకు ఆ పద్ధతి వాడారో ఆ చేప మీ గిన్నెలో లేకపోవడం వల్ల. కనుక ముందు వంట సంగతి తేల్చుకుందాం. అది తేలితే ఇంట్లో మాట్లాడవలసినవి చాలా తగ్గిపోతాయి.

మాంసపు బిర్యానీకీ చేపల బిర్యానీకీ అసలు తేడా కాలంలో ఉంది. మేక మాంసంలో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం గట్టిది, ఎక్కువ. అది మెత్తబడాలంటే ఎక్కువసేపు వేడి తగలాలి. అందుకే పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం వేసి దమ్ చేసినా రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి. చేప కండ పొట్టి పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య ఉండే పలుచని కొల్లాజెన్ తక్కువ వేడికే కరిగిపోతుంది. లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చేప తినడానికి సిద్ధమైనట్లే. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కకు అందుకు పది నిమిషాల వేడి చాలు. ఆ తరువాత పొయ్యి మీద ఉంచిన ప్రతి నిమిషం పొరలను విడదీస్తుంది, ముక్కలోని నీటిని బయటకు తోస్తుంది. మీ గిన్నె అడుగున చేరిన నీరు ఎక్కడి నుంచో రాలేదు, ఆ ముక్కల్లోదే. సగం ఉడికిన అన్నానికి ఇంకా చాలా సమయం కావాలి, చేపకు అంత సమయం ఇవ్వకూడదు. ఆ రెండింటినీ ఒకే దమ్‌లో ఉంచారు కాబట్టి చేప కరిగింది, అన్నం మిగిలింది.

ముందు రోజు రాత్రే మసాలా పట్టించడం రెండో కారణం. నిమ్మరసంలోని పులుపు చేప మాంసకృత్తుల మీద వేడి చేసే పనే చేస్తుంది. ముక్క తెల్లబడి, పైన సుద్దలా మారి, లోపల పిండిలా అవుతుంది. మాంసానికి రాత్రంతా నానబెట్టడం మేలు చేస్తుందని చేపకూ అదే చేస్తుంటారు. చేపకు అరగంట చాలు. ఉప్పు, పసుపు రాసి ఇరవై నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని ఒంపేసి, శుభ్రమైన గుడ్డతో అద్ది, ఆ తరువాతే మసాలా పట్టించండి. పెరుగును కూడా ఒక గుడ్డలో వేలాడదీసి నీరు పోయాక వాడండి. నిమ్మరసం వంట చివరికి ఉంచుకోండి. బొప్పాయి గుజ్జు ఊసే వద్దు.

ఇక చేప ఎంపిక. బాసా కండ మెత్తనిది, నీరు ఎక్కువ. వేయించుకుని వెంటనే తినడానికి పనికొస్తుంది గానీ దమ్‌కు నిలవదు. బొచ్చె, శీలావతి రుచికరమైనవే, కానీ వాటి కండ మధ్యలో వెన్నుముల్లుతో సంబంధం లేకుండా రెండుగా చీలిన సన్నని ముళ్లుంటాయి. పులుసులో పెద్దవాళ్లు జాగ్రత్తగా ఏరుకుని తింటారు. అన్నంలో కలిసిపోయాక వాటిని కనిపెట్టడం కష్టం. బిర్యానీకి వంజరం, కొరమీను, పండుగప్ప సరిపోతాయి. వంజరం ముక్కలో మధ్య ముల్లు తప్ప దాదాపుగా వేరే ముళ్లుండవు, కండ గట్టిగా నిలుస్తుంది; అయితే రెండు నిమిషాలు ఎక్కువైతే ఎండిపోతుంది. కొరమీను కండ బిగువుగా ఉండి మసాలాను బాగా పట్టుకుంటుంది. పండుగప్ప పెద్ద పొరలుగా విచ్చుకుంటుంది, రుచి తియ్యగా ఉంటుంది, కాస్త సున్నితం. వీటిలో ఏది తాజాగా దొరికితే దాన్ని, చర్మం తీయకుండా, అడ్డంగా, రెండున్నర సెంటీమీటర్ల మందాన కోయించండి. చర్మమూ మధ్య ముల్లూ ఉంటే ముక్క విరగకుండా నిలుస్తుంది. అమ్మగారు ఏ చేప వాడేవారో, ముక్క ఎంత మందంగా ఉండేదో, అన్నం ఎంతవరకు ఉడికించి వేసేవారో ఒకసారి అడిగి చూడండి. ఏళ్ల తరబడి చేసిన వంటను చెప్పేటప్పుడు చేతికి అలవాటైన వివరాలు నోటికి రావు, అడిగితే గుర్తొస్తాయి.

మీ ముందు నాలుగు దారులున్నాయని నాకు అనిపిస్తోంది.

మొదటిది అమ్మగారి దారే, కొన్ని సవరణలతో. గట్టి చేపను మసాలాతో గిన్నె అడుగున ఒకే వరుసగా పరచాలి, ఒకదానిపై ఒకటి పెట్టకూడదు. దానిపై వేసే అన్నం సగం కాకుండా పది వంతుల్లో తొమ్మిది వంతులు ఉడికి ఉండాలి. మూత బిగించి నాలుగైదు నిమిషాలు పెద్ద మంట మీద, ఆవిరి పుట్టాక పెనం మీదకు మార్చి పది పన్నెండు నిమిషాలు సన్నని సెగ మీద, ఆర్పాక మరో పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. మూత మూసి ఉంటుంది కాబట్టి వాసన తక్కువగా వస్తుంది, మసాలా అన్నంలోకి చక్కగా పాకుతుంది, అమ్మగారికి అది తన వంటలాగే అనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, మూత తీసేదాకా లోపల ఏం జరుగుతోందో తెలియదు, చేపలోని నీరు ఎంత వస్తుందో ముందుగా లెక్క వేయలేము. నలుగురికి చేస్తే భయం లేదు. పదిమందికి, అదీ అతిథులు కూర్చుని ఎదురుచూస్తున్నప్పుడు, మొదటిసారి ఈ దారిన వెళ్లమని నేను చెప్పలేను.

రెండోది మీరు చేసిన వేపుడు దారి. ముక్క విరగదు, రుచి మీద నియంత్రణ ఉంటుంది. అమ్మగారి అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. వేయించిన ముక్క తన రుచిని తనలోనే దాచుకుంటుంది, అన్నానికి ఇవ్వదు. దీనికి మందుంది. పూర్తిగా వేయించకుండా ఒక్కో వైపు ఒకటిన్నర నిమిషం మాత్రమే పెనం మీద కాల్చి తీసి, అదే పెనంలో ఉల్లి, అల్లం వెల్లుల్లి, పెరుగు మసాలాను నూనె తేలేదాకా ఇగరబెట్టి, ముక్కలను అందులో రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు అన్నంతో పొరలు వేయాలి. పెనానికి అంటిన చేప రుచి అంతా మసాలాలోకి వస్తుంది. మీ ఇంట్లో దీని అసలు సమస్య వాసన, దాని గురించి కింద విడిగా రాస్తాను.

మూడో దారి ఓవెన్. కేకులకు తప్ప వాడని ఓవెన్ ఇంట్లో ఉందని మీరు ఉత్తరంలో ఒక మాట అని వదిలేశారు. ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు ముందుగా వేడి చేసి, మసాలా పట్టించిన ముక్కలను నూనె రాసిన పళ్లెంలో విడివిడిగా పేర్చి ఎనిమిది తొమ్మిది నిమిషాలు ఉంచితే, పైన కాస్త బిగిసి, లోపల ముప్పాతిక వంతు ఉడుకుతాయి. పళ్లెంలో చేరిన రసాన్ని పారబోయకుండా ఇగురులో కలిపేయాలి. నూనె చిమ్మదు, పొగ రాదు, పదిమందికి సరిపడే ముక్కలు రెండు విడతల్లో సిద్ధమవుతాయి. పెనం మీద కాల్చిన ఎర్రదనం రాదు, ఆ రుచి కొద్దిగా తగ్గుతుంది. మీ పరిస్థితికి నాకు ఎక్కువగా నచ్చినది ఇదే.

నాలుగోది, ఎక్కువమంది ఆలోచించనిది, చేప రసంలో అన్నం వండడం. చేప తల, మధ్య ముల్లు, తోక ముక్కలను ఉల్లి, అల్లం, మిరియాలతో నీళ్లలో వేసి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు సన్నగా మరిగించాలి. అంతకుమించితే చేదు వస్తుంది. ఆ రసాన్ని పలుచని గుడ్డలో వడగట్టి, దానితోనే ఎసరు పెట్టి పులావులా అన్నం వండి, చివరి ఎనిమిది నిమిషాల్లో కాల్చిన ముక్కలను పైన పెట్టి మూత వేయాలి. "అన్నం పక్కన వేపుడు" అన్న అమ్మగారి మాటకు ఇది సూటైన జవాబు. ముక్క విడిగా ఉన్నా ప్రతి మెతుకులోనూ చేప ఉంటుంది. సముద్రతీరాల్లో ఈ ఆలోచన చాలా చోట్ల కనిపిస్తుంది. అరబ్బు తీరాల్లో వండే సయ్యాదియాలో ముదురుగా వేయించిన ఉల్లిపాయలూ చేప రసమూ కలిసి అన్నానికి గోధుమ రంగునూ రుచినీ ఇస్తాయి. సెనెగల్ దేశంలోని చెబు జెన్‌లో చేపను, కూరగాయలను రసంలో ఉడికించి బయటకు తీసి, అదే రసంలో బియ్యం ఉడికించి, మళ్లీ పైన పేర్చి పళ్లెంలో పెడతారు. 2021లో యునెస్కో దానిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చేపనూ బియ్యాన్నీ వేర్వేరు సమయాల్లో ఉడికించి చివర కలపడం వాళ్ల పద్ధతి, దాన్ని ఎవరూ తక్కువ వంట అనుకోలేదు. అయితే ఈ దారిలో అన్నమంతా చేపే కాబట్టి మీ శ్రీమతికి వేరే అన్నం వండాలి. పైగా పెద్ద మొత్తంలో ఎసరు కొలత ఒక్క గ్లాసు తప్పినా ముద్ద అవుతుంది. చిన్న గిన్నెలో, ఇంటివాళ్లకు మాత్రమే చేసుకునే రోజుకు దీన్ని దాచుకోండి.

అతిథుల రోజుకు నేనైతే మూడో దారినీ, వార్చిన అన్నాన్నీ ఎంచుకుంటాను. పిల్లలతో కలిపి పదిమందికి కిలోంపావు పాత బాస్మతి, కిలోంపావు చేప ముక్కలు సరిపోతాయి. బియ్యం అరగంట నానాలి. పెద్ద గిన్నెలో ఏడెనిమిది లీటర్ల నీళ్లు, లీటరుకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు, షాజీరా, యాలకులు, లవంగాలు, దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు వేసి తెర్లనివ్వండి. ఆ నీటిని రుచి చూస్తే ఉప్పగా అనిపించాలి. చాలావరకు గంజితో పోతుంది. బియ్యం వేశాక నీళ్లు మళ్లీ తెర్లిన దగ్గర నుంచి అయిదు నిమిషాలకు మెతుకు పట్టి చూడడం మొదలుపెట్టండి. వేళ్ల మధ్య నొక్కితే పూర్తిగా మెదిగి, మధ్యలో సూది మొనంత పలుకు మాత్రమే తగలాలి. అప్పుడు వార్చి, వెడల్పు పళ్లెంలో పరచండి. కుప్పగా వదిలేస్తే సొంత వేడికే మెత్తబడుతుంది.

మసాలాకు అరకిలో పైగా ఉల్లిపాయలను సన్నగా కోసి ఎర్రగా వేయించండి, సగం ఇగురులోకి, సగం పై పొరకు. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కారం, ధనియాల పొడి, నీరు తీసిన పెరుగు, పుదీనా, కొత్తిమీర వేసి నూనె తేలేదాకా ఓపికగా వేయించండి. ఇగురు గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉండాలి, ఎందుకంటే చేప ఇంకా కాస్త నీరు వదులుతుంది. గరం మసాలా మాంసానికి వేసేదానిలో సగం చాలు; ఎక్కువైతే చేప రుచి కనబడదు. లవంగం, దాల్చిన చెక్క ఘాటు తగ్గించి, కొద్దిగా సోంపు, మిరియాలు, చివర్లో నలిపిన కసూరి మేతి వేస్తే చేపకు బాగా నప్పుతాయి.

ఒక పెద్ద గిన్నెకు బదులు రెండు వెడల్పు గిన్నెలు వాడండి. అన్నం బరువు ఎక్కువైతే కింద ఉన్న ముక్కలు నలుగుతాయి. ఇగురు, దానిపై ఒక పొర అన్నం, దానిపై ముక్కలు, మళ్లీ అన్నం, పైన ఉల్లిపాయలు, పుదీనా, నిమ్మరసం, కాస్త నెయ్యి. అన్నమూ ముక్కలూ అప్పటికే వేడిగా ఉంటాయి కాబట్టి పెనం మీద పది నిమిషాల సన్నని సెగ చాలు. వడ్డించేటప్పుడు గరిటెతో కలపవద్దు. వెడల్పాటి అట్లకాడను గిన్నె అంచున దించి, అడుగు నుంచి పొరలు పొరలుగా ఎత్తండి. ఎంత జాగ్రత్తగా వండినా ముక్కలు విరిగేది చాలాసార్లు ఈ చివరి క్షణంలోనే.

ఇప్పుడు వాసన సంగతి. సముద్రపు చేప కండలో ఉండే ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి, నీచు వాసనకు ముఖ్య కారణం అదే. చేప తాజాగా ఉంటే అది చాలా తక్కువ. కాబట్టి మీ శ్రీమతికి ఇబ్బంది తగ్గించే పని వంటింట్లో కాదు, చేప కొనేచోటే మొదలవుతుంది: మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా, నొక్కితే కండ తిరిగి లేచేలా ఉండాలి. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టిన చేపయితే రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు ఆ వాసనను బంధిస్తుంది. కత్తి, పలక, గిన్నెలు, చేతులు వాటితో కడిగితే తేడా తెలుస్తుంది. మంచినీటి చేపల బురద వాసన వేరే పదార్థం వల్ల వచ్చేది, దానికీ పులుపు కొంత పని చేస్తుంది. ఇక కర్టెన్లలో రెండు రోజులు నిలిచినది చేప వాసన ఒక్కటే కాదు, వేపుడు నూనె తుంపరలు కూడా. అవి బట్టకు అంటుకుని తమతో వాసనను మోసుకెళతాయి. అందుకే ఓవెన్ అన్నాను. వేయించే తీరాలనుకుంటే ఇండక్షన్ పొయ్యిని బాల్కనీలో పెట్టుకుని అక్కడ వేయించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వంట మొదలుపెట్టక ముందే వేయండి, హాలు కర్టెన్లు ఆ పూటకు తీసి లోపల పెట్టండి, వ్యర్థాలను మూటగట్టి భోజనానికి ముందే బయటకు పంపండి. వంట చేసినవారే ఆ సాయంత్రం పొయ్యి గట్టు తుడిచి, గిన్నెలు కడిగి ముగించడం ముఖ్యం. తినని మనిషి చేతికి చేప గిన్నెలు వదిలేయడం న్యాయం కాదు.

మీ శ్రీమతి మౌనాన్ని కోపమో సహనమో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ ఊహించవద్దు, అడగండి. వంట రోజున కాదు, మామూలు రోజున. "నీకు ఇబ్బందిగా ఉందా" అని అడిగితే "ఏం లేదులే" అనే జవాబు వస్తుంది. ఏ దశలో వాసన భరించలేకపోతున్నారు, కడిగేటప్పుడా, వేయించేటప్పుడా, మరునాడా అని అడగండి. నెలకు ఎన్నిసార్లయితే ఫర్వాలేదో అడగండి. ఆ పూట పాపతో బయట గడపడం ఆమెకు ఇష్టమైతే దానిని అలకగా తీసుకోకండి, అమ్మగారినీ అలా తీసుకోనివ్వకండి. అతిథుల రోజున ఆమె ఇంట్లోనే ఉండాలనుకుంటే, వార్చిన అన్నంలో కొంత భాగాన్ని చేప చేరకముందే వేరే గిన్నెలోకి తీసి, బంగాళాదుంప, బఠాణీ, క్యారెట్‌లతో చేసిన ఇగురుతో ఆమె కోసం విడిగా దమ్ చేయండి. అదే బియ్యం, అదే సువాసన, వేరే గరిటె. అందరితో కలిసి కూర్చుని తినగలగడం ఆమెకు ఎంత విలువైనదో వడ్డించాక మీకే తెలుస్తుంది.

పాప విషయంలో ముందుగా ఒక హెచ్చరిక. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దలో, అరటిపండో మింగించడం చాలా ఇళ్లలో అలవాటు, ఈసారి అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. కానీ ముద్ద ఒత్తిడికి ముల్లు మరింత లోతుగా దిగవచ్చు, గొంతు గాయపడవచ్చు. అందుకే వైద్యులు అది వద్దంటారు. నొప్పి తగ్గకపోతే, చొంగ కారుతుంటే, మింగలేకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి; ఊపిరి ఆడకపోతే అది అత్యవసరం. అమ్మగారికి ఈ మాటను తప్పు పట్టినట్లు కాకుండా వైద్యులు చెబుతున్న మాటగా చెప్పండి. ఇక పాప మళ్లీ చేప తినాలా అన్నది తొందరపడి తేల్చవలసిన విషయం కాదు. అన్నంలో దాచి పెట్టడం మాత్రం చేయకండి, ఒకసారి కనిపెడితే అన్నాన్ని కూడా నమ్మదు. ఆ రోజు పాపకు గుడ్డు పెట్టండి. పిల్లలకంటూ పండుగప్పలో ముల్లు తీసిన ముక్కలు కొన్ని విడిగా చేయించి, మసాలా పట్టించే ముందు వేలి కొనలతో తడిమి చూసి, తగిలిన ముళ్లను పట్టకారుతో లాగేయండి. అక్క పిల్లలు తింటుంటే చూసి తనే అడిగితే సంతోషం. అడగకపోయినా నష్టం లేదు.

కోడి బిర్యానీకి మారిపోవడం తప్పు కాదు, అవమానమూ కాదు. వంట తేలిక, ముళ్ల భయం లేదు, పిల్లలు తింటారు. కాకపోతే అమ్మగారు అక్కకు ఇచ్చిన మాట పోతుంది, చెప్పకుండా మారిస్తే ఆమె చిన్నబుచ్చుకుంటారు. మారాలనుకుంటే ఈ వారమే చెప్పేయండి. రెండూ చేద్దామనే ఆలోచన వస్తే దాన్ని పక్కన పెట్టండి. రెండు పొయ్యిల మీద రెండు దమ్‌లు చూసుకుంటూ చేప నిమిషాలను లెక్కపెట్టుకోవడం ఒక మనిషి వల్ల కాదు.

అమ్మగారితో మాట్లాడేటప్పుడు "మీ పద్ధతి పని చేయలేదు" అనకండి, అది నిజం కూడా కాదు. మీరు వాడిన చేప ఆ పద్ధతికి సరిపోలేదని చెప్పండి. ఆమె రుచి మసాలాలో ఉంది, దాన్ని ఓవెన్ తీసేయదు. ఇగురు వేగుతున్నప్పుడు వంటింట్లో ఒక కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టండి. ఉప్పు, కారం, పులుపు ఆమె నాలుకకే వదిలేయండి. నిలబడలేకపోవడం వల్ల ఆమెకు దూరమైనది ఆ పని ఒక్కటే కాదు, ఆ వంట తనది అన్న భావన కూడా కావచ్చు. అయినా ఆమె ఒప్పుకోకపోతే, ఇంటివాళ్లకు చేసుకునే రోజుల్లో ఆమె దారిలోనే, వంజరంతో, సవరించిన సమయాలతో చేస్తానని చెప్పి, అతిథుల రోజుకు మాత్రం మీ నిర్ణయాన్ని నిలుపుకోండి. పొయ్యి దగ్గర నిలబడేది మీరు.

అతిథులు రావడానికి ముందు వారం పావుకిలో చేప, పావుకిలో బియ్యంతో ఒకసారి చేసి చూసుకోండి. మీ ఓవెన్ వేడి, మీ గిన్నె మందం ఎలాంటివో నాకు తెలియదు, నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అతిథుల రోజున మిగిలినది ఉంటే రాత్రిదాకా గట్టు మీద వదిలేయకండి. వండిన అన్నంలో కూడా బతికి ఉండే సూక్ష్మజీవుల బీజాలు గది వేడిలో పెరిగి వాంతులకు కారణమవుతాయి, ఆ విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేము. రెండు గంటల లోపు చేప ముక్కలను, అన్నాన్ని వేర్వేరు డబ్బాల్లో పలుచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఆవిరి వచ్చేలా ఒక్కసారి మాత్రమే వేడి చేసుకుని తినండి.